కడలి అంచున నాలుగు నడకలు

పిల్లలూ! ముందు అట్లాసు తెచ్చుకోండి. ఐరోపా ఖండం పటం తీయండి. వాయవ్యపు మూల సముద్రంలో బ్రిటన్ దీవి కనబడుతుంది. లండన్ నగరం మీద వేలు పెట్టి, తూర్పు తీరం వెంబడి ఉత్తరానికి జరపండి. స్కాట్లండు సరిహద్దు రాకముందే యార్క్‌షైర్ అనే సీమ వస్తుంది. అక్కడ ఎస్క్ అనే చిన్న ఏరు ఉత్తర సముద్రంలో కలిసే చోట విట్బీ అనే రేవు ఊరు ఉన్నది.

ఈ నెల మనం విట్బీ చుట్టుపక్కల నాలుగు నడకలు నడవబోతున్నాం. తాళ్ళు పట్టుకుని కొండలెక్కే పని లేదు. నాలుగూ సులభమైన నడకలే. గట్టి బూట్లు, ఒక వానకోటు, కాస్త ఓపిక ఉంటే చాలు.

అయితే ఒక మాట. ఆ సీమలో ఒక చేతి వైపు సముద్రం కోసివేసిన నిలువు గట్లు. రెండో చేతి వైపు చెట్టూ చేమా లేని గాలి కొండలు. అటువంటి చోట సులభమైన బాట ఎలా వచ్చింది? బాట దానంతట అది పుట్టదు కద! ఎవరో ఒకప్పుడు బరువులు మోసి, రాళ్ళు పరిచి, గట్టు తవ్వి దాన్ని చేశారు. వాళ్ళకది షికారు కాదు, బతుకుతెరువు. కనుక ప్రతి బాట దగ్గరా మనం ఒకే ప్రశ్న వేద్దాం: "నిన్ను ఎవరు చేశారు? ఎందుకు చేశారు?"

మొదటి నడక: 199 మెట్లు

విట్బీ ఊరు ఏటికి అటూ ఇటూ ఉన్నది. తూర్పు గట్టు మీద ఒక పాత చర్చి, దాని వెనుక పాడుబడిన పెద్ద మఠం ఉన్నవి. ఊళ్ళోనుంచి అక్కడికి 199 రాతిమెట్లు. పిల్లలు ఎక్కుతూ లెక్కపెడతారు. పైకి చేరేసరికి ఒకరికి 198 వస్తుంది, ఇంకొకరికి 200 వస్తుంది. పోట్లాట తీరాలంటే మళ్ళీ దిగి లెక్కపెట్టవలసిందే!

ఈ మెట్ల ప్రస్తావన 1340 నాటికే ఉన్నది. అప్పట్లో అవి కొయ్యమెట్లు. 1774లో రాతివి వేశారు. మధ్య మధ్య వెడల్పైన అరుగులు కనబడతవి. అవి ఎందుకో చెప్పుకోండి చూద్దాం. అలసినవారు కూర్చోవడానికా? ఇప్పుడు అందుకే. కాని మొదట అవి శవపేటికలు మోసేవారికోసం. గట్టు మీది శ్మశానానికి పోతూ వాళ్ళు అక్కడ బరువు దించి ఊపిరి పీల్చుకునేవారు. మన దింపుడు కల్లం ఆచారం వేరు, దాని అర్థం వేరు. కాని మోసేవాడి భుజం నొప్పి ఏ దేశంలోనైనా ఒకటే.

పైన కనబడే మఠాన్ని 657లో హిల్డ్ అనే తల్లి స్థాపించింది. అక్కడ కాడ్మన్ అనే పశువుల కాపరి ఉండేవాడు. పాటలు రావని సిగ్గుపడి, విందులో తన వంతు వచ్చేసరికి లేచి పశువుల పాకకు పోయేవాడట. చివరకు అతడే పాటలు కట్టాడు. ఇంగ్లీషు భాషలో పేరు తెలిసిన మొట్టమొదటి కవి ఆ పశువుల కాపరే.

గట్టు కింద సముద్రపు ఒడ్డున చుట్టలు చుట్టుకున్న రాళ్ళు దొరుకుతవి. చూస్తే అచ్చం పడుకున్న పాములాగే ఉంటవి. హిల్డ్ తల్లి ఈ చోటి పాములన్నిటినీ రాళ్ళుగా మార్చిందని పాతకాలంవారు చెప్పుకున్నారు. కొందరు వర్తకులు ఆ రాళ్ళకు పాము తలలు చెక్కి మరీ అమ్మారు! నిజానికి అవి అమ్మోనైట్లు. అనగా దాదాపు 18 కోట్ల సంవత్సరాల కిందట సముద్రంలో బతికిన ప్రాణుల గుల్లలు, బురదలో పూడి రాయి అయినవి. మీ ఇంటి పూజాపీటం మీద సాలగ్రామం ఉంటే ఒకసారి శ్రద్ధగా చూడండి. నేపాల్‌లోని గండకీ నదిలో దొరికే సాలగ్రామాల్లో ఉండే చక్రం గుర్తు కూడా అమ్మోనైట్ గుర్తే. ఆ దేశంవారు పామును చూశారు, మనవారు విష్ణుచక్రాన్ని చూశారు. రాయి మాత్రం రెంటి చుట్టమూను.

మెట్లు దిగేటప్పుడు కిందనున్న రేవు చూడండి. ఒక పొలం కూలివాని కొడుకు 1746లో ఈ రేవులో ఒక ఓడల యజమాని దగ్గర పని నేర్చుకోవడానికి చేరాడు. అతడు మోసింది బొగ్గు ఓడల్లో బొగ్గు. ఆ కుర్రవాడే తరువాత లోకం చుట్టివచ్చిన కెప్టెన్ జేమ్స్ కుక్. 1768లో అతడు బయలుదేరిన ఎండీవర్ ఓడ కూడా విట్బీలో బొగ్గుకోసం కట్టిందే.

రెండవ నడక: సముద్రం దారి ఇచ్చినప్పుడు

విట్బీకి దక్షిణంగా 6 మైళ్ళ దూరంలో రాబిన్ హుడ్స్ బే అనే జాలరిపల్లె ఉన్నది. కథల్లోని రాబిన్ హుడ్ అక్కడికి వచ్చినట్టు రుజువేమీ లేదు. పేరు మాత్రం మిగిలింది. అక్కడినుండి బాగుల్ హోల్ అనే చిన్న కోవకు ఒడ్డు వెంబడి నడిస్తే మైలుకు లోపే. ఆ సీమ యాసలో బాగుల్ అంటే కొంటె దయ్యం. దయ్యం లేదు గాని, పాత పిండిమర ఇల్లు ఒకటి ఉన్నది. దానిలో ఇప్పుడు బాటసారులకు బస ఇస్తున్నారు.

ఈ దారిని వేసింది మనిషి కాదు. సముద్రమే రోజుకు రెండుసార్లు తెరిచి రెండుసార్లు మూస్తుంది. సముద్రం ముందుకు రావడం పోటు, వెనక్కు తీయడం ఆటు. ఒక పోటుకూ మళ్ళీ వచ్చే పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు పడుతుంది. విశాఖపట్నంలో పున్నమి, అమావాస్యలనాడు కూడా ఆటుకూ పోటుకూ నీటిమట్టంలో తేడా దాదాపు ఒకటిన్నర మీటరే. విట్బీ తీరంలో అది 4 మీటర్లు దాటుతుంది. అంటే పొద్దున మీరు ఆడుకున్న చోట మధ్యాహ్నానికి మిద్దె ఎత్తు నీరు ఉండవచ్చు. వెనుక చూస్తే నిలువు గట్టు. ఎక్కడానికి దారి లేదు.

అందుచేత అక్కడివారు ముందు ఆటుపోట్ల పట్టిక చూసి, తరువాతే బూట్లు తొడుక్కుంటారు. ఒక లెక్క చేయండి. ఇవాళ మధ్యాహ్నం 12 గంటలకు నీరు పూర్తిగా తీస్తుందనుకుందాం. అందుకు రెండు గంటల ముందు, అనగా 10 గంటలకు బయలుదేరాలి. 12 కాకముందే తిరుగుముఖం పట్టాలి. ఆట ఎంత బాగున్నా సరే! ఆలస్యమైతే ఒడ్డు దారి మానివేసి, కోవ దగ్గర గట్టెక్కి పై బాటన రావాలి.

నీరు తీసిన బండల మధ్య గుంటల్లో పీతలు, నత్తలు, పువ్వులవంటి సముద్రపు జీవులు ఉంటవి. చిన్న గొడుగులా రాతికి అతుక్కున్న లింపెట్ అనే నత్తను చూడండి. పోటు వచ్చినప్పుడు అది మేతకు బయలుదేరి బండమీది నాచు గీకి తింటుంది. నీరు తీసేలోగా తన చోటికే తిరిగివచ్చి అతుక్కుంటుంది. దాని పళ్ళు ప్రాణికోటిలో ఇంతవరకు పరీక్షించిన పదార్థాలన్నిటిలోకి గట్టివని 2015లో శాస్త్రజ్ఞులు తేల్చారు. వేళకు ఇల్లు చేరడం మాత్రం అది అంతకు ఎన్నో యుగాల ముందే నేర్చుకున్నది.

ఈ ఊరిని సముద్రం తినివేస్తూ ఉన్నది. ఇక్కడి గట్లు మెత్తనివి. అడుగున పలకలుగా ఊడివచ్చే షేల్ అనే మట్టిరాయి, పైన మంచుయుగం వదిలిపోయిన బంకమన్ను. అల అడుగును తొలుస్తుంది, వాన పైమట్టిని నానబెడుతుంది. ఒకరోజు అంతా జారిపోతుంది. 1780లో ఈ పల్లెలోని ఒక వీధి ఇళ్ళతోసహా కిందికి పోయింది. 1829 డిసెంబరులో ఉత్తరాన ఉన్న కెటిల్‌నెస్ అనే పల్లె ఒక రాత్రి సముద్రంలోకి జారింది. దైవవశాన దగ్గరలో ఒక ఓడ ఉన్నది. పల్లెవారు దానిలోకి ఎక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. రాబిన్ హుడ్స్ బేను కాపాడడానికి 1975లో పెద్ద అడ్డుగోడ కట్టారు. గోడ లేని చోట్ల గట్టు ఇంకా విరుగుతూనే ఉన్నది. గట్టు విరిగినకొద్దీ పై బాటను లోపలికి జరుపుతూ పోతారు. కనుక "గట్టు అంచుకు పోవద్దు" అనే బోర్డు బెదిరింపు కాదు. అది నిన్నటి బాట ఏమైందో చూసినవాడు రాసిన మాట.

మూడవ నడక: పడవ నడిచిన నేల, రైలు నడిచిన బాట

పడవ నేలమీద నడుస్తుందా? 1881 జనవరి 18న నడిచింది. ఆ రోజు తుఫానులో విజిటర్ అనే ఓడ రాబిన్ హుడ్స్ బే ఎదుట పాడైపోయింది. నావికులను కాపాడే పడవ విట్బీలో ఉన్నది. ఆ సముద్రంలో తెడ్లు వేసుకుంటూ రావడం అసాధ్యం. అప్పుడేం చేశారు? పడవను బండికెక్కించి 18 గుర్రాలను కట్టారు. దారిలో 7 అడుగుల లోతు మంచు మేటలు వేసి ఉన్నది. 200 మంది పారలు పట్టి ముందు నడుస్తూ మంచు తవ్వారు. 500 అడుగులు ఎక్కి దిగవలసిన ఆ 6 మైళ్ళ దారిని రెండు గంటల్లో దాటించారు. మొదటిసారి సముద్రంలోకి దించితే అలల దెబ్బకు తెడ్లు విరిగినవి. ఒడ్డుకు వచ్చి మళ్ళీ పోయారు. ఓడవారందరినీ బతికించి తెచ్చారు.

ఆ తరువాత నాలుగేళ్ళకు, 1885లో, ఆ తీరం వెంట విట్బీనుండి స్కార్బరో వరకు రైలు వచ్చింది. ఎనభై ఏళ్ళు నడిచి 1965లో ఆగిపోయింది. పట్టాలు పీకివేశారు. మిగిలిన కట్టమీద ఇప్పుడు కాలినడకన పోతారు, సైకిళ్ళు తొక్కుతారు. పట్టాల కింద కంకరకు బదులు బొగ్గు కాలిన చిట్టెం వేశారు గనుక దీనిని సిండర్ ట్రాక్, అనగా చిట్టెం బాట అంటారు. మొత్తం 21 మైళ్ళు. మనం రావెన్స్‌కార్ అనే చోటినుండి రాబిన్ హుడ్స్ బే దాకా సుమారు 5 మైళ్ళు (8 కిలోమీటర్లు) నడిస్తే చాలు. అటునుంచి ఇటు వస్తే దిగుడే గనుక ఆయాసం ఉండదు.

రైలు కట్ట నడకకు ఎందుకు సులభమో తెలుసునా? ఇనుప చక్రానికి ఇనుప పట్టామీద పట్టు తక్కువ. ఏటవాలు ఎక్కువైతే చక్రం జారుతుంది. అందుచేత ఇంజనీర్లు కొండను తొలిచి, పల్లం పూడ్చి, వాలును తగ్గిస్తారు. ఇక్కడి ఏటవాలు 39కి 1. అంటే 39 అడుగులు ముందుకు పోతే ఒక అడుగు ఎత్తు. ఇంజనుకు అదే గగనమయ్యేది. మనకు మాత్రం చదునుగానే తోస్తుంది.

రావెన్స్‌కార్ దగ్గర ఆగి గట్టువైపు చూడండి. కొండను ఎవరో గిన్నెలా తోడినట్టుంటుంది. అది పటిక తీసిన చోటు. అవును, మన ఇళ్ళలో నీళ్ళు తేర్చడానికి వాడే పటికే. అద్దకపు రంగు గుడ్డకు పట్టాలంటే పటిక కావాలి. మన కలంకారీవారికి ఆ రహస్యం బాగా తెలుసు. ఇంగ్లాండులో ఈ తీరంలోనే 1600 తరువాత పటిక పని మొదలై 1871 వరకు సాగింది. షేల్ రాతిని గుట్టలుగా పోసి నెలల తరబడి కాల్చేవారు. తరువాత నీటిలో నానవేసి, ఆ నీటిని కాచేవారు. దానికి సముద్రపు నాచు కాల్చిన బూడిద గాని, పులిసిన మూత్రం గాని కలిపేవారు. నవ్వకండి! ఆ మూత్రాన్ని పట్టణాల్లో పోగుచేసి, పీపాలకెత్తి, ఓడల్లో తెప్పించేవారు. కాగిన నీరు తగినంత చిక్కబడిందా లేదా అని చూడడానికి దానిలో కోడిగుడ్డు వేసేవారట. గుడ్డు తేలితే సరి. ఉప్పునీటిలో గుడ్డు ఎందుకు తేలుతుందో ఇంట్లో అమ్మనడిగి ఒక గ్లాసులో చేసి చూడండి.

అక్కడే ఇంకొక వింత. 1890ల తరువాత కొందరు పెట్టుబడిదారులు రావెన్స్‌కార్‌లో పెద్ద విహారపట్టణం కడతామని వీధులు వేశారు, మురుగు కాలువలు తవ్వారు. కొన్నవారు కొద్దిమందే. కంపెనీ దివాలా తీసింది. పట్టణం రాలేదు. గడ్డి మొలిచిన ఆ వీధులు ఈనాటికీ ఉన్నవి. ఇళ్ళు లేకుండా వీధులు మాత్రమే ఉన్న ఊరు చూడాలంటే అక్కడికి పోవాలి.

నాలుగవ నడక: ఊదారంగు బీడు

ఇక సముద్రానికి వీపు తిప్పి లోపలికి పోదాం. అక్కడ ఎత్తయిన బీడు కొండలు అలలు అలలుగా ఉన్నవి. వాటిని మూర్స్ అంటారు. మన భాషలో సరిగ్గా సరిపోయే మాట లేదు, అటువంటి నేల మనకు లేదు గనుక. చల్లటి గాలి, విడవని చెమ్మ, పుల్లటి నల్లమట్టి. దానిలో చెట్లు సరిగా ఎదగవు. మోకాలి ఎత్తు హెదర్ పొదలు మాత్రం దట్టంగా అల్లుకుంటవి. ఆగస్టు నెలలో అవి పూస్తే కొండలన్నీ ఊదారంగు దుప్పటి కప్పుకున్నట్టుంటవి. 1952లో ఈ సీమను నార్త్ యార్క్ మూర్స్ అనే పేరుతో జాతీయ వనంగా ప్రకటించారు.

గోత్‌లండ్ అనే పల్లెనుండి గ్రోస్‌మాంట్ వరకు మూడున్నర మైళ్ళు ఏటి లోయలో దిగుతూ నడవండి. ఇదీ పాత రైలు బాటే. 1836లో జార్జ్ స్టీఫెన్‌సన్ దీనిని వేసినప్పుడు పెట్టెలను లాగినవి గుర్రాలు. నిటారు చోట మాత్రం తాళ్ళతో పైకి లాగేవారు. 1865లో పక్కన వేరే దారి వేసి ఈ బాటను వదిలివేశారు. గ్రోస్‌మాంట్ చేరినాక ఆ రెండో దారిన ఆవిరి రైలెక్కి వెనక్కు రావచ్చు. ఆ మార్గాన్ని 1965లో మూసివేయగా, ఊరివారూ రైలు అభిమానులూ చేతులు కలిపి 1973లో మళ్ళీ నడిపించారు. హారీ పాటర్ మొదటి సినిమాలో పిల్లలు దిగే స్టేషను గోత్‌లండ్ స్టేషనే!

ఊరికి పైన, బీడుమీద, ఒక్కొక్క చోట ఒంటి వరుసగా పరచిన బండలు కనబడతవి. వాటిని ట్రాడ్స్ అంటారు. గుర్రాలమీద గంపలు వేసుకుని చేపలు, ఉప్పు మోసేవారు కాళ్ళు బురదలో దిగకుండా ఈ రాళ్ళమీద నడిచేవారు. ఎన్నో వందల ఏళ్ళ నడకకు రాయి మధ్యలో అరిగి దోనెలా అయింది. ఉత్తర సముద్రంనుండి హఠాత్తుగా పొగమంచు వస్తే పది గజాల దూరం కనబడదు. అప్పుడు ఆ రాళ్ళే దిక్కు. అందుకే కొండలమీద దారి చూపే రాతి శిలువలు కూడా నిలబెట్టారు.

ఇంకొక సంగతి వింటే ఆశ్చర్యపోతారు. ఈ బీడు కూడా మనిషి చేసిందే. వేల ఏళ్ళ కిందట అక్కడ అడవి ఉండేది. ఆనాటి మనుషులు సేద్యానికి చెట్లు నరికారు. వానకు నేల సారం కొట్టుకుపోయింది. అడవి తిరిగి రాలేదు, హెదర్ వచ్చింది. దానిలోనే ఇప్పుడు గ్రౌజ్, కర్ల్యూ వంటి పక్షులు నేలమీద గూళ్ళు పెడుతున్నవి. అందుచేత మార్చి మొదటి తేదీనుండి జూలై ఆఖరు వరకు అక్కడి బీళ్ళలో కుక్కను తాడు లేకుండా వదలకూడదని చట్టం.

నిప్పు సంగతి మరీ ముఖ్యం. ఎండిన బీడుకు నిప్పంటితే పొదలే కాదు, కింది నల్లమట్టి కూడా కాలుతుంది. అది వేల ఏళ్ళుగా కుళ్ళిన నాచు, ఆకు పేరుకుని తయారైన మట్టి. 2003 సెప్టెంబరులో ఫైలింగ్‌డేల్స్ మూర్‌మీద మంట లేచి రెండున్నర చదరపు కిలోమీటర్ల నేలను కాల్చింది. పొదలు పోయాక, పురాతన మానవులు గీతలు చెక్కిన రాళ్ళు బయటపడినవి. 2025 ఆగస్టులో లాంగ్‌డేల్ మూర్‌మీద లేచిన మంట అంతకన్న ఎన్నో రెట్లు పెద్దది. అటువంటి మంట ఒక పూటలో ఆరదు. వేల ఏళ్ళు పేరుకున్నది పోవడానికి ఒక్క నిప్పురవ్వ చాలు.

ఈ నెల మీరు చేయవలసిన పని

నాలుగు నడకలూ అయినవి. మెట్లు శవవాహకులవి, కట్ట రైలు కూలీలది, రాతిబాట చేపలవారిది. ఒడ్డు దారి సముద్రానిది. వారు కష్టపడ్డారు, మనం సుఖంగా నడిచాం. దానికి మనం ఇవ్వవలసిన అద్దె కొంచెమే: తెరిచిన గేటు మూయడం, అంచుకు పోకుండడం, గట్టును సుత్తితో కొట్టక కింద రాలిన రాయినే ఏరుకోవడం, నిప్పు వేయకుండడం, వేళకు తిరిగి రావడం. ఇంగ్లాండులో మీ అక్కయ్యో, బాబాయిగారో ఉంటే వారికి ఈ వ్యాసం చదివి వినిపించండి. మీరు పోయినప్పుడు తీసుకుపొమ్మనండి.

అంతవరకు ఇక్కడే ఒక పని చేయండి. ఒక కాగితంమీద మీ ఇంటినుండి బడికి పోయే దారి గీయండి. దానిలో ఏ మలుపు ఎందుకు వచ్చిందో, ఏ భాగం మెరక చేశారో, చెరువు గట్టు ఎప్పుడు బాట అయిందో, ఆ రావిచెట్టు కింద రాతిబల్ల ఎవరు వేశారో మీ తాతగారిని, నాయనమ్మను అడిగి పక్కన రాయండి. వారికి తెలియకపోతే ఇంకా పెద్దవారిని అడగండి. అడిగేవారు లేకపోతే చెప్పేవారు కూడా కొన్నాళ్ళకు ఉండరు. పటం పూర్తయ్యాక దానిని చేతబట్టుకుని ఒక ఆదివారం ఆ దారినే మెల్లగా నడవండి. రోజూ చూసే దారే. ఆ రోజు మాత్రం కొత్తగా కనబడుతుంది.